గుడ్డ బాగా తడిపి పెట్టు

మోకాళ్ల కింద గోనెపట్టా మడతలు వేసుకుని కూర్చుని, అథోల్ రెన్నీ టబ్బులోకి తొంగి చూశాడు. రాత్రి స్నానం చేసిన నీళ్లు తెల్లారినా అడుగున అరచేతి లోతు మిగిలే ఉన్నాయి. పైన సబ్బు తెట్టు పలచగా మీగడ కట్టింది. ఆయన నీళ్లు ముట్టుకోలేదు. ముందు వాసన చూశాడు. ఘాటేమీ తగల్లేదు. అయినా సరే, గుమ్మంలో నిలబడ్డ పై అంతస్తు లోసా వైపు తిరిగి ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఇందులో ఏమన్నా పోశావా అమ్మాయ్? పొడి గానీ మందు గానీ?"

"లేదంకుల్."

"నిజం చెప్పు. పోసినా ఏమీ అనను."

"దేవుడి తోడు. మరిగే నీళ్లు కూడా పొయ్యలేదు. మీరు వద్దన్నారుగా."

ఆ మాట విన్నాకే ఆయన రబ్బరు తొడుగులు చేతులకు వేసుకున్నాడు, పెద్ద కళ్లద్దాలు పెట్టుకున్నాడు, కిటికీ తెరిచాడు. ఈ దక్షిణపు దేశంలో జూలై అంటే నడి చలికాలం; ఆ చలి తలుపు తీయగానే వచ్చి కూర్చునే చుట్టంలా లోపలికొచ్చింది. పెరటి వైపు ఆకాశం బూడిద రంగులో ముడుచుకుని ఉంది. మధ్యాహ్నానికి మంచు పడుతుందని పొద్దున రేడియోలో చెప్పారు. మా డునెడిన్‌లో రేడియో చెప్పినా చెప్పకపోయినా ఆ రంగు చూస్తే అందరికీ తెలుస్తుంది.

ఆ ఇటుకల కట్టడం పేరు కెయిర్న్‌హిల్ కోర్ట్. కొండవాలు వీధిలో మూడంతస్తుల్లో కొంచెం పక్కకు ఒరిగినట్టు ఉంటుంది. అథోల్ కన్నా వయసులో పెద్దది. కీళ్ల నొప్పులు మాత్రం ఇద్దరికీ ఒకేసారి మొదలయ్యాయి. కింది అంతస్తులో వెనక భాగం, ఒక ముందు గది ఆయనవి. కట్టడం బాగోగులు చూసుకునే మనిషిగా, గోర్ దగ్గర గొర్రెల ఊరి నుంచి వయసులో ఉండగా వచ్చి చేరాడు. ఒకటి రెండేళ్లు చేసి ఇంకేదైనా చూసుకుందామనుకున్నాడు. ఆ ఇంకేదైనా ఏమిటో తేల్చుకునేలోపు జుట్టు నెరిసింది. పొడుగు మనిషి, నడుం దగ్గర వంగిపోయాడు. చెవులు పెద్దవి, చలికి ఎర్రబడతాయి. మోచేతుల దగ్గర రెండు రంగుల ఉన్నితో అతుకులు వేసిన గోధుమరంగు స్వెట్టరు ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఎడమ చేతి వెనక, మణికట్టు దాకా, చర్మం నున్నగా మెరుస్తూ ముడతలు లేకుండా ఉంటుంది. ఒంటి మీద వయసు రాని చోటు అదొక్కటే.

లోసా తూము మూసుకుపోవడానికి కారణం ఆయనకు చూడకముందే తెలుసు. ఆ అమ్మాయి సమోవా దీవుల పిల్ల, ఆసుపత్రిలో నర్సు. నడుం దాకా జుట్టు. వారానికోసారి తలకు కొబ్బరినూనె పట్టించి, వేడి నీళ్ల టబ్బులో నానుతుంది. వాళ్ల ఊళ్లో ఆ నూనె ఏడాది పొడుగునా నీళ్లలా పారుతుంది. ఇక్కడి చలికి గొట్టంలో వంపు తిరిగేసరికి పేరుకుని రాయవుతుంది. దాని మీద వెంట్రుకలు, వెంట్రుకల మీద సబ్బు. ఇది వెచ్చటి దీవుల వాళ్లే చేయగల పొరపాటు, చలిలో పుట్టినవాడికి చేతకాదు. నూనె మానెయ్యమని ఆయన ఎన్నడూ అనలేదు. వాళ్లమ్మ పంపే సీసా అని తెలుసు.

మర విప్పే ముందు నడిమి అంతస్తుకు వెళ్లి రావాలి. ఆ కట్టడంలో పద్ధతి అది. మూడంతస్తుల టబ్బులూ ఒకే నిలువు గొట్టంలో కలుస్తాయి. సీసం గొట్టం, మెత్తటిది, అతుకులు ఎప్పటివో. పైన కర్రకు తొడిగిన రబ్బరు గిన్నె బోర్లించి తోస్తే మురికినీరు దిగాల్సిన దారి వదిలేసి కింది టబ్బులోకి ఎగదన్నుతుంది. అందుకని కింద ఒక మనిషి కూర్చుని తన టబ్బు కన్నాలు తడిగుడ్డతో అదిమిపట్టాలి. నీళ్లు ఎగదన్నితే గొట్టం మీద ఒక దెబ్బ: ఆగు. సర్దుకుంటే రెండు: కానివ్వు. గడగడా కిందికి దిగిపోయిన చప్పుడు వినిపిస్తే మూడు: అయిపోయింది, టీ పెడుతున్నాను.

అలా కూర్చునే మనిషి ఎప్పుడూ ఒక్కతే. నోలీన్.

అథోల్ మెట్లు దిగుతుంటే గుండె ముందు దిగింది. ఈ రోజు శనివారం. మధ్యాహ్నం మూడింటికి నోలీన్ అక్క కొడుకు బ్రెంట్ టిమరూ నుంచి కారు వేసుకుని వస్తాడు, ఆమెను తీసుకుపోతాడు. అతని ఇంటి వెనక ఒక చిన్న గది కట్టించాడట. ఆమెకు మోకాలు అరిగింది. ఈ కట్టడంలో మెట్లు ఎక్కలేకపోతోంది. ఇంకో కారణమేమీ లేదు. మెట్లు లేని చోటు ఇక్కడే దొరికితే ఆమె ఎక్కడికీ పోనక్కర్లేదు.

అటువంటి చోటు ఒకటుంది. అథోల్ ముందు గది. నెల రోజులుగా ఆయన చేసిన పని అదే. అందులో పేర్చిన పాత రేడియోలూ కుళాయి ముక్కలూ వెనక్కి మోశాడు. గోడలకు లేత పసుపు రంగు వేశాడు. కిటికీకి నీలం తెరలు కట్టాడు. నీలం మంచి రంగని ఆమె ఎప్పుడో ఒకసారి అనింది, దేని గురించి అనిందో కూడా ఆయనకు గుర్తులేదు. గది సిద్ధం. మిగిలిందల్లా ఒక్క మాట. "ఆ గదిలో ఉండు, వెళ్లకు" అని ఆమె మొహం చూసి అనడం.

అది మాత్రం కాలేదు. నోట్లో నాలుక లేని మనిషి అందామంటే అదీ కాదు. తూములతోనూ తుప్పుపట్టిన మరలతోనూ ఆయన పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటాడు. మనుషుల దగ్గరికొచ్చేసరికే గొంతులో వెలక్కాయ పడుతుంది. పోయిన వారం లోసా నాలుగు రోజులు ఊళ్లో లేనప్పుడు ఆమె స్నానాలగదిలో పైకప్పుకు పట్టిన బూజు గీకి సున్నం వేశాడు. నిచ్చెన మీద నిలబడి ఆ నాలుగు రోజులూ ఆ మాటే వల్లె వేశాడు. "నోలీన్, నా ముందు గది ఖాళీగా ఉంది" అని మొదలుపెట్టేవాడు. "ఖాళీగా ఉంది, అందుకని" దగ్గర ఆగిపోయేవాడు. మళ్లీ మొదటికొచ్చేవాడు. గోడలు విన్నాయి, ఎవరు వింటారని ఆయన ధైర్యం.

నోలీన్ తలుపు ఓరగా తీసే ఉంది. ఈ మధ్య అలాగే ఉంచుతోంది. లోపల గోడలు బోసిగా ఉన్నాయి. పెట్టెలు తాళ్లతో కట్టి ఉన్నాయి. పొట్టి మనిషి, గుండ్రటి భుజాలు. ఉన్ని మిల్లులో పనిచేసిన వేళ్లు ఖాళీగా ఉండలేక ఏప్రాన్ అంచును మడుస్తూనే ఉంటాయి. భర్త కెన్ రైల్వే మనిషి, పోయి చాలా ఏళ్లయింది.

"ఏం మహానుభావా, పొద్దున్నే దర్శనం? పైన తూమేనా?" అంది.

తూమే అన్నాడు అథోల్.

స్నానాలగదిలో ఆమె ఏదీ సర్దలేదు. టబ్బు పక్కన ఎత్తుపీట, పీట మీద గుడ్డ, గుడ్డ మీద గొట్టాన్ని కొట్టే పెద్ద చెంచా. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయిన శనివారమే తీసుకుపోతానని బ్రెంట్ పట్టుబడితే, పైన తూము పనుంది, అది అయ్యాకే కదులుతానని ఆమె వారం ఆపిందట. తూము కోసం ప్రయాణం ఆపుకున్న మనిషిని ఎక్కడా చూడలేదని బ్రెంట్ ఫోన్‌లో నవ్వాడట. ఆ మాట ఆమే చెప్పి అథోల్ వైపు చూసింది. అథోల్ గొట్టం వైపు చూశాడు.

మొన్న కూడా ఇలాగే అయింది. మెట్ల దగ్గర ఎదురుపడి, ఉన్నట్టుండి, మీ ముందు గదికి చలికాలంలో ఎండ వస్తుందా అని అడిగింది. ఆయన ఉలిక్కిపడి, పది దాటేదాకా వస్తుందని చెప్పి, బల్బు మార్చాలని వంక పెట్టి కాలుగాలిన పిల్లిలా పారిపోయాడు. ఆ పూట మార్చాల్సిన బల్బు ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆమె పీట మీద మెల్లగా కూర్చుంది. మోకాలు పట్టేసినట్టుంది, మొహం ఒక్క క్షణం ముడుచుకుని విప్పారింది. చెంచా ఒళ్లో పెట్టుకుంది. తలెత్తి ఆయన్ని సూటిగా చూసింది.

"ఇంకేమన్నా చెప్పాలా అథోల్?"

చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. కిటికీ అద్దం మీద చలికి పట్టిన ఆవిరి, ఆమె జుట్టులో రెండు పిన్నులు, ఏప్రాన్ అంచును పట్టుకున్న వేళ్లు కనిపించాయి. నా ముందు గది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"గుడ్డ బాగా తడిపి పెట్టు," అన్నాడు.

ఆమె వేళ్లు ఏప్రాన్ అంచు వదిలాయి. తర్వాత గుడ్డ అందుకుంది.

"తడుపుతాలే," అంది.

పైకి వచ్చాక అథోల్ తనను తాను తిట్టుకున్న తిట్లు రాయడం బాగుండదు. కాని చెయ్యి మాత్రం పని మరిచిపోలేదు. నిలవున్న నీళ్లు డబ్బాతో బకెట్లోకి తోడాడు. ఇత్తడి జల్లెడ మర విప్పి సబ్బు పెట్టెలో పెట్టాడు, దొర్లిపోకుండా. కంచెలకు వాడే లావు తీగ ముక్క ఒకటి ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటుంది. చివర చిన్న కొక్కెంలా వంచాడు. మొన తిన్నగా ఉంటే మెత్తటి సీసాన్ని చీరేస్తుంది. తీగను కన్నంలోకి దింపి, వేళ్ల కొసలతో మెల్లగా తిప్పి, ఏదో పట్టుకుందని తెలియగానే ఆగాడు.

"రా నాయనా, రా. ఎక్కడికి పోతావ్, రా."

నల్లటి కొబ్బరి పీచు తాడులా వెంట్రుకల చుట్ట పైకి వచ్చింది, తెల్లటి నూనె ముద్దలతో. లోసా ముక్కు మూసుకుని, అదంతా నాదేనా అంది. నీదే తల్లీ, సగం మాత్రం మీ అమ్మ పంపిన సీసాది అన్నాడాయన. ఆ అమ్మాయి నవ్వింది. ఆ చుట్టను పాత పేపర్లో పొట్లం కట్టి పక్కన పెట్టాడు.

నూనె కరగాలంటే వేడి కావాలి. కానీ మరిగే నీళ్లు పోస్తే టబ్బు పింగాణీ పగుళ్లిస్తుంది, గొట్టం అతుకులు వదులైపోతాయి. చెయ్యి పెడితే కాలీ కాలనట్టు ఉండే నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు కలిపి పోయాలి. కెటిల్ నీళ్లలో కుళాయి నీళ్లు కలిపి లోసా తెచ్చింది. ఆయన తొడుగు తీసి మోచేత్తో వేడి చూసుకున్నాడు, తల్లి పసిబిడ్డ స్నానం నీళ్లు చూసుకున్నట్టు. సన్నటి ధారగా పోశాడు. నానడానికి వదిలేశాడు.

నానేదాకా చేసేదేమీ లేదు. ఎడమ చేతి నున్నటి చర్మాన్ని కుడి బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. ఆయన అలవాటది. చేస్తున్నట్టు ఆయనకు కూడా తెలియదు.

ఆ మచ్చ ఈ గదిలోనే పడింది. అప్పట్లో ఈ అంతస్తులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. తూములో కాస్టిక్ సోడా గుళికలు కుమ్మరించి, ఏమన్నా పోశావా అంటే లేదన్నాడు. అథోల్ అప్పుడు కుర్రతనంలో ఉన్నాడు, తొడుగులు వేసుకోలేదు. రబ్బరు గిన్నెతో ఒక్క తోపు తోసేసరికి చేతి మీదికి ఎగజిమ్మింది. అరవలేదు. పక్క గదిలో ఉన్న పెద్దమనిషికి కూడా వినపడకుండా పళ్లు బిగబట్టి "అమ్మా" అన్నాడంతే. ఆ మాట గాలిలో ఉండగానే మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొచ్చిన చప్పుడైంది. నోలీన్. ఏప్రాన్ కొంగు తడిగా, చెంచా చేతిలోనే ఉంది. ఒక్క మాట అడగలేదు. ఆయన మణికట్టు పట్టుకుని చన్నీళ్ల కుళాయి కింద పెట్టింది. ఎంతసేపు పెట్టాలో మిల్లులో రంగుల విభాగంలో నేర్చుకుందట. ఆయన చాలు అన్నా వదల్లేదు, చలికి తన వేళ్లు నీలమైనా వదల్లేదు. ఆ అర్ధగంటలో చేతి మంట మెల్లగా చల్లారింది.

అంతకు ముందూ ఆ తర్వాతా అథోల్ రెన్నీ చెయ్యి అంతసేపు ఎవరూ పట్టుకోలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ అర్ధగంటను ఆయన ఇన్నేళ్లుగా కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటూ బతికాడు. అంత తొందరగా ఆమె ఎలా వచ్చిందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగాలని తట్టలేదు.

నూనె నానింది. టబ్బులో రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లు పట్టాడు. టబ్బు మెడ దగ్గర, నిండిన నీళ్లు పోవడానికి ఉండే పై కన్నంలో తన వంతు తడిగుడ్డ కుక్కాడు, గాలి అక్కడినుంచి తప్పించుకోకుండా. గొట్టాన్ని కర్రతో రెండుసార్లు తట్టాడు. కిందనుంచి రెండు దెబ్బలు తిరిగొచ్చాయి. సన్నటి, గట్టి చప్పుడు. చెంచా చప్పుడు ఆయనకు మనిషి గొంతంత గుర్తు.

మెల్లగా తోశాడు, మెల్లగా లాగాడు. పాత గొట్టంతో బలం పనికిరాదు. ఒక దెబ్బ వినిపించింది. ఆగాడు. కింద ఆమె గుడ్డ సర్దుకుంటోంది, ఒంటి బరువంతా చేతుల మీద వేసి. మోకాలు నొప్పి పెడుతుందేమో. రెండు దెబ్బలు. మళ్లీ తోశాడు. అలా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒక గొట్టానికి ఆ చివరా ఈ చివరా, ఎప్పుడూ చేసుకునే పనే చేసుకున్నారు. ఇదే ఆఖరుసారి అయ్యే పనైతే ఎలా చెయ్యాలో ఆయనకు తెలియలేదు. కొంచెం నెమ్మదిగా చేశాడు.

నీళ్ల మధ్యలో సుడి పుట్టింది. ముందు సన్నగా, తర్వాత గుండ్రంగా, తర్వాత గర్రున. టబ్బు ఒక్క గుక్కలో ఖాళీ అయింది. గొట్టం పొడుగునా ఆ నీళ్లు దిగిపోయిన చప్పుడు కట్టడం కాళ్ల దాకా వెళ్లింది.

కిందనుంచి మూడు దెబ్బలు.

అథోల్ వెనక్కి ఆనుకుని ఊపిరి వదిలాడు. కాసేపటికి, ఎందుకో, మళ్లీ రెండు దెబ్బలు వినిపించాయి. కానివ్వు. అయిపోయిన పనికి ఆ రెండూ ఎందుకో ఆయనకు బోధపడలేదు. చెంచా జారి తగిలిందేమో అనుకున్నాడు. పొయ్యితో సహా అన్నీ సర్దేసింది కాబట్టి ఈసారి టీతో ఎప్పుడూ పెట్టే, వెన్న రాసి కాల్చిన చీజ్ రొట్టెలు ఉండవు. కెటిల్ బయటే ఉంచిందేమో, టీ అయినా ఉంటుంది. మూడింటికి చాలా టైముంది.

ఊరికే కూర్చునే మనిషి కాదు కనుక టబ్బు కడిగాడు. జల్లెడ కింద పేరుకున్న జిడ్డు పాత బ్రష్షుతో తోమాడు. మర బిగించాడు. నూనె రాసుకున్న రోజు ముందు జుట్టు పాత తువ్వాలుతో తుడుచుకుని అప్పుడు టబ్బులో దిగమని, స్నానం అయ్యాక ఒక కెటిల్ వేడి నీళ్లు, మరిగేవి కాదు, పోయమని లోసాకు చెప్పాడు. సరే అంకుల్ అని ఆ అమ్మాయి కెటిల్ పట్టుకుని వీధి వైపు వంటగదిలోకి వెళ్లింది.

ఆయన ఒక్కడే మిగిలాడు. తొడుగులు తీసి టబ్బు అంచు మీద ఆరబెట్టాడు. ఇప్పుడు కిందికి వెళ్లాలి. టీ కప్పు చేతిలోకి రాకముందే చెప్పాలి. కప్పు వస్తే ఆ కప్పునే చూస్తూ కూర్చుంటాడు, తన సంగతి తనకు తెలుసు. చివరిసారి వల్లె వేసుకుందామని ఖాళీ టబ్బు వైపు వంగాడు.

"నోలీన్. నా ముందు గది ఖాళీగా ఉంది. పసుపు రంగు వేశాను, తెరలు నీలం. పది దాటేదాకా ఎండ వస్తుంది, చెప్పాగా. మెట్లెక్కక్కర్లేదు. నీ గది నీది, నా గది నాది. నేను గురక పెడతాను కానీ తలుపు వేసుకుంటే వినపడదు." ఆగాడు. ఎప్పుడూ ఆగే చోటు దాటేశాడు. ఆ తర్వాతి మాట ఎన్నడూ వల్లె వేసింది కాదు, దానంతటదే వచ్చింది. "నువ్వెళ్లిపోతే నాకు బాగుండదు నోలీన్. అస్సలు బాగుండదు. ఉండిపో."

తడబడలేదు. మొత్తం వచ్చింది. ఆయన మొహం పెద్ద చెవుల దాకా ఎర్రబడింది. సంతోషంతో గబుక్కున లేచాడు, మోకాళ్లు కటకటమన్నాయి. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో లోసా ఉంది. కెటిల్ రెండు చేతులతో పట్టుకుని ఉంది, కన్నీళ్లు ఆపుకుంటోంది.

"ఏమయింది తల్లీ? చెయ్యి కాల్చుకున్నావా?"

"అంకుల్, ఆవిడ వెళ్లిపోయారు."

ఆయనకు అర్థం కాలేదు.

"కిటికీలోంచి చూశాను. కారు అప్పటికే వచ్చేసింది. బ్రెంట్ పెట్టెలన్నీ పెట్టేసి ఆవిడను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మంచుకు కొండదారి మూసేస్తారని తొందరపెట్టాడు, పైకే వినిపించింది. మీకు తెలుసనుకున్నానంకుల్. చెబుదామని వచ్చేసరికి మీరు..." ఆ అమ్మాయి కెటిల్ వైపు చూసింది. "మధ్యలో ఎలా ఆపను?"

కిల్‌మాగ్ కొండ. టిమరూ వెళ్లే దారి దాని మీదుగానే; మంచు పడితే ముందు దాన్నే మూస్తారు. అథోల్ తలూపాడు, ఎవరో టైము చెప్పినట్టు. సంచి సర్దుకున్నాడు. వెంట్రుకల పొట్లం మరిచిపోకుండా తీసుకున్నాడు. పైకి చూసిందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాడు. లోసా తనంతట తానే చెప్పింది, కారెక్కే ముందు పైకి చూశారని, చాలాసేపు చూశారని.

నోలీన్ తలుపు ఈసారి బార్లా తెరిచి ఉంది. గదుల్లో పెట్టెలు లేవు. పెట్టెలు ఉన్నచోట తివాచీ ముదురు రంగులో ఉంది. టీ వాసన లేదు. అడుగుల చప్పుడు తనదే తనకు పెద్దగా వినిపిస్తుంటే స్నానాలగదిలోకి వెళ్లాడు. టబ్బు కన్నంలో గుడ్డ కుక్కినట్టే ఉంది. వేలుపెట్టి నొక్కి చూశాడు. బాగా తడిపి ఉంది. చుట్టూ ఎక్కడా ఒక్క మురికి చుక్క పడలేదు.

ఆమె కూర్చునే పీట మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ పీట మీద కూర్చోవడం ఇదే మొదలు. ఈ గదిలో ఆయన తూము బాగుచేసిన రోజులున్నాయి, మర బిగించిన రోజులున్నాయి. అయితే అవన్నీ పైవాళ్లు పనులకు పోయిన వేళలు, పైన ఎవరూ లేని వేళలు.

ఇప్పుడు పైన లోసా ఉంది. వాళ్లక్కతో కాబోలు, ఫోన్‌లో వాళ్ల భాషలో మాట్లాడుతోంది. గుసగుసగానే మాట్లాడుతోంది. ఒక్కొక్క మాటా పక్కన కూర్చుని చెవిలో చెప్పినంత తేటగా వినిపించింది. ఆ భాష ఆయనకు రాదు. మధ్యలో తన పేరు వచ్చింది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వచ్చింది.

అథోల్ తలెత్తి చూశాడు. నిలువు గొట్టం పైకప్పును దాటే చోట, గొట్టం చుట్టూ, పిడికిలి పట్టేంత సందు. ఎప్పుడో కట్టినవాళ్లు కన్నం పెద్దది కోసి వదిలేశారు. ఆయన దాన్ని వందసార్లు చూశాడు. ఎలుకలు రావడం లేదు కదా, పూడ్చడమెందుకని ఊరుకున్నాడు.

అయితే ఆమె అన్నీ వింది. పళ్లు బిగబట్టి అన్న "అమ్మా" వింది, అందుకే పరుగెత్తుకొచ్చింది. పోయిన వారం నిచ్చెన మీద నిలబడి వల్లె వేసిందంతా వింది. అందుకే ఎండ సంగతి అడిగింది. అందుకే తలుపు ఓరగా ఉంచింది, వారం ఆగింది, తూము వంక పెట్టింది. పొద్దున ఇదే పీట మీద కూర్చుని, ఇంకేమన్నా చెప్పాలా అని అడిగింది. మూడు దెబ్బల తర్వాత, అక్క కొడుకు కోటు పట్టుకుని నిలబడి ఉంటే, ఇంకో రెండు కొట్టి చూసింది. ఆయన చెంచా జారిందనుకుని టబ్బు తోమడానికి దిగాడు. విన్న మాటకు ఎవరైనా జవాబు చెబుతారు. తనతో అనని మాటకు ఏమని చెబుతుంది? ఆడదానికి ఆ మాత్రం పట్టింపు ఉండదా? ఒక్క అంతస్తు దిగి వచ్చి మొహం చూసి చెబుతాడని ఎదురు చూసింది. పాతిక మెట్లు కూడా ఉండవు. మోకాలు అరిగింది ఆమెకు, ఆయనకు కాదు.

అథోల్ రెన్నీకి ఏడుపు రాలేదు. ఏడుద్దామన్నా ఎలా ఏడవాలో ఆయనకు తెలిసేది కాదు. ఛాతీలో ఏదో గట్టిగా పేరుకుని కదలకుండా కూర్చుంది. ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని, ఆమె పట్టుకున్నట్టే మణికట్టు దగ్గర పట్టుకుని, చాలాసేపు ఉన్నాడు. కిటికీ అవతల మంచు పడడం మొదలైంది. చప్పుడు లేకుండా, తొందర లేకుండా పడుతోంది.

టబ్బు అంచు మీద చెంచా ఉంది. దాన్ని మరిచిపోయిందో, వదిలి వెళ్లిందో తెలియదు. అందుకుని, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, గొట్టం మీద రెండుసార్లు కొట్టాడు. పైన మాటలు ఆగాయి. పొద్దున్నుంచి ఆ లెక్క చూస్తూ ఉన్న పిల్ల కదా, ఇంకా ఏదో పని ఉందనుకుంది కాబోలు, కుళాయి తిప్పింది. నీళ్లు ఆయన చెవి పక్కనుంచి గలగలా దిగిపోయాయి. ఎక్కడా ఆగలేదు.

తూము బాగుంది. ఆయన గుడ్డ తీసి పిండి ఆరేశాడు, పీట గోడకు జరిపాడు, చెంచాను ఆమె పెట్టిన చోటే పెట్టాడు. పెద్ద చెంచా, ఎప్పటిదో వెండిపూతది. కొట్టీ కొట్టీ దాని అంచు చదునైపోయింది. కాడ మీద, ఆమె బొటనవేలు ఆనే చోట, పూత అరిగిపోయి అడుగునున్న ఇత్తడి చిన్న పసుపు మచ్చగా తేలింది.